పర్లేదు అనకూడని ఇల్లు

మా ఇంట్లో ఒక మాటని నిషేధించారు. బూతు కాదు. బూతులు మా ఇంట్లో ఎప్పట్నుంచో చలామణిలోనే ఉన్నాయి, టీవీలో మ్యాచ్ వస్తున్నప్పుడు మరీను. నిషేధించింది ‘పర్లేదు’ అనే మాటని.

నిషేధం పెట్టింది మా అక్కయ్య. పరామర్శకని వచ్చి అధ్యక్షురాలిగా స్థిరపడింది. మా అక్కయ్య ఎవరింటికెళ్లినా ముందు వంటింట్లో డబ్బాల మూతలు సరిచేస్తుంది, తర్వాత మనుషుల్ని. ఆ రోజు వదిన స్నానానికి వెళ్లగానే అమ్మనీ అన్నయ్యనీ నన్నూ పిలిచి మంచం మీద కూర్చోబెట్టింది.

“ఇవాళ్టి నుంచి దాని ముందు ఎవరూ ఆ మాట అనకూడదు. పాపం, వినలేదు.”

“ఫర్వాలేదు అనొచ్చా?” అన్నాను. నాకు నిజంగానే అనుమానం వచ్చింది.

“ఫర్వాలేదు, పర్వాలేదు, పర్లేదు, అన్నీ ఒక తల్లి పిల్లలేరా. ఏదీ వద్దు.”

తల్లి పిల్లలు అనేసరికి అందరం నేల చూపులు చూశాం. అక్కయ్య నాలిక కరుచుకుంది.

అమ్మే అడిగింది. “మరి కాఫీ ఇంకొంచెం పొయ్యనా అంటే ఏమనాలే?”

“వద్దు అను.”

“వద్దంటే నిజంగానే పొయ్యరు కదే.”

ఇంతకీ ఆ మాట మా దూదమ్మది. దూదమ్మ అన్నయ్య కూతురు, ఒక్కతే. అసలు పేరు స్కూలువాళ్లకి తెలుసు. దూదమ్మ అని పెట్టింది మా అమ్మ, దాని మీద ఏం పడ్డా చప్పుడు కాదని. పదహారేళ్లు. చిల్లుగొడుగు దాని వాటాకొస్తే పర్లేదు. కిటికీ పక్క సీటు ఇంకెవరికో కావాలంటే పర్లేదు. “ఏం బాబాయ్, ఈ కళ్లజోడు ఫ్రేం పగిలిందా, పర్లేదు, నేను పగలగొట్టానని చెప్పు, నన్నైతే నాన్న ఏమీ అనడు” అనేది. మా అమ్మ తన చిన్నప్పటి కథ మళ్లీ మొదలెడితే మేమంతా తలో పని గుర్తొచ్చి లేచిపోయేవాళ్లం. అది మాత్రం కూర్చుని “తర్వాత?” అని అడిగేది. తర్వాత ఏమవుతుందో దానికి మా అమ్మకన్నా బాగా తెలుసు. అమ్మ మర్చిపోతే అందించేది కూడా.

దాని స్నేహితురాలికి కళ్లజోడొస్తే క్లాసులో ఏడిపించారట. మర్నాటి నుంచి ఇదీ మామూలు అద్దాలు బిగించిన జోడొకటి పెట్టుకుని వెళ్లింది, ఇద్దరుంటే ఏడిపించేవాళ్లు విసుగెత్తుతారని. కళ్లు నిక్షేపంగా ఉండి మా షాపు జోడు పెట్టుకున్నది అదొక్కతే. ‘పిల్లలో పోటీతత్వం లేదు’ అని టీచరు దాని రిపోర్టులో రాసింది, జబ్బు పేరు రాసినట్టు. అన్నయ్య అది చూసి కంగారుపడి, పోటీతత్వం నేర్పే కోచింగ్ ఎక్కడైనా ఉందేమోనని నాలుగు చోట్ల వాకబు చేశాడు. ఉంది కూడా. దాంట్లో చేర్పిస్తే అక్కడ పక్కపిల్లకి తన సీటిచ్చి వచ్చేసింది.

ఒకరోజు దానికి కడుపులో నొప్పొచ్చింది. నొప్పని అది అనలేదు. కంచం ముందు ఊరికే కూర్చుంటే వదినే అడిగింది. పర్లేదమ్మా అంది. పడుకోబోయే ముందు మళ్లీ అడిగింది. ఇప్పుడు పర్లేదమ్మా అంది. పొద్దున్నే పరీక్షుందని వెళ్లి, అక్కడే పడిపోయింది. అపెండిక్స్ పగిలిందన్నారు. ఆపరేషన్ చేశారు. మళ్లీ లేవలేదు. “ఇంకొంచెం ముందే తీసుకొచ్చుంటే...” అన్నాడు డాక్టరు. మంచివాడే, వాక్యం సగంలో ఆపాడు. ఆ మొదటి సగం కూడా మింగేసుంటే బాగుండేది.

తర్వాత జనం వచ్చారు. “దేవుడికి మంచివాళ్లే కావాలండీ” అన్నారు. అలా అన్నవాళ్లందరూ డెబ్బై దాటినవాళ్లే. ఒకాయన వదిన చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. కళ్లు తుడుచుకోడానికి జోడు తీశాడు కదా, అది మళ్లీ పెట్టుకోకుండా నా చేతికిచ్చి, “ఎలాగూ వచ్చాను, ఈ కాడ వదులైంది, కాస్త బిగించి పెట్టు నాయనా” అన్నాడు. బిగించాను. ఏం చేస్తాం.

మాది కళ్లజోళ్ల షాపు. అద్దాలు సాన పట్టి ఫ్రేములో కూర్చోబెట్టేది అన్నయ్య. కౌంటర్లో కూర్చుని ఏ మొహానికి ఏ ఫ్రేం నప్పిందో అబద్ధాలు చెప్పేది నేను. కళ్లు పరీక్ష చేసేది వదిన, ఆవిడ చదువుకున్నదే ఆ చదువు. వెనకాల చిన్న చీకటి గది, ఒక కుర్చీ, ఎదురుగోడ మీద వెలిగే అక్షరాలు, అద్దాల పెట్టె. అందులో ఒక్కో అద్దం తీసి కంటి ముందు వేసి “ఎలా ఉంది?” అంటుంది. బాగుందన్నవాణ్ణి నమ్ముతుంది. బాలేదన్నవాణ్ణి నమ్ముతుంది. పర్లేదన్నవాణ్ణి మాత్రం చచ్చినా నమ్మదు.

“పర్లేదంటే బాలేదని. మొహమాటపడుతున్నాడు” అని ఇంకో అద్దం వేస్తుంది. మనవాళ్లకి డబ్బులిచ్చి కొనుక్కునే చూపు దగ్గర కూడా మొహమాటమే. అందుకే ఆవిడ పరీక్ష చేసి పంపిన జోడు ఎప్పుడూ వెనక్కి రాలేదు.

అలా రోజంతా ఎవరి పర్లేదునీ నమ్మని మనిషి, ఇంట్లో ఆ ఒక్క పర్లేదుని నమ్మింది. ఈ ముక్క మాలో ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేదు. వదిన షాపు మానేసింది. పగలంతా గోడకేసి చూస్తూ కూర్చునేది, ఆ గోడ మీద అక్షరాలేవో ఉన్నట్టు. మళ్లీ ఆ చీకటి గదిలో అడుగుపెట్టకపోతే ఈ మనిషి కూడా మాకు దక్కదని అందరికీ భయం పట్టుకుంది. నిషేధం వెనకున్న భయం అదే. అక్కయ్యని వెక్కిరిస్తున్నానే గానీ, నాకూ అంతకన్నా మంచి ఉపాయం తట్టలేదు.

కానీ ఆ మాట లేకుండా తెలుగులో సంసారం చెయ్యడం ఎంత కష్టమో మాకు తెలీదు. ఎవరైనా కాలు తొక్కి సారీ చెబితే ఏమంటారు? వచ్చినవాళ్లు “ఆలస్యమైంది, ఏమనుకోకండి” అంటే ఏమంటారు? ఒకసారి వదిన “కాఫీలో పంచదార తక్కువైందా?” అని అడిగింది. “పర్” దాకా వచ్చేశాను. అక్కయ్య గుడ్లురిమింది. “పర్సెక్కడ పెట్టానో” అన్నాను. వదిన పాపం లేచి వెళ్లి, వెతికి, పర్సు తెచ్చి నా చేతిలో పెట్టింది. నా పర్సు నా జేబులోనే ఉంది కాబట్టి, ఆవిడ తెచ్చింది అన్నయ్యది.

ఇంకో ఇబ్బంది కూడా మేం ముందుగా చూసుకోలేదు. దూదమ్మ గురించి ఏం చెప్పబోయినా ఆ మాట అడ్డొచ్చేది. గొడుగు కథ చెప్పాలంటే చివర్న ఆ మాట కావాలి. ఫ్రేం కథకీ అదే కావాలి. అది తీసేస్తే దాని కథ ఒక్కటీ నిలబడదు. అందుకని కథలే మానేశాం. అమ్మ కూడా తన చిన్నప్పటి సంగతులు చెప్పడం మానేసింది. “తర్వాత?” అని అడిగేవాళ్లు లేకపోతే ఆవిడకీ తర్వాత ఏమైందో గుర్తురావట్లేదంది.

అక్కయ్య వాళ్లూరు వెళ్లిపోయింది, నిషేధం మా మీద వదిలేసి. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్న వదిన జడ వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని గుమ్మంలో నిలబడింది.

“షాపుకొస్తున్నా” అంది.

అన్నయ్య బనీను మీదే ఆనందపడ్డాడు. షాపు మెట్లెక్కేలోగా ఆ ఆనందం కాస్తా బెంగైపోయింది. ఇంట్లోవాళ్ల నోళ్లు కట్టగలం. కస్టమర్ల నోళ్లు ఎలా కడతాం? పరీక్ష గదిలో ఎక్కువగా వినబడే మాటే అది.

దానికి అన్నయ్య కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, లోపలికెళ్లే ప్రతి మనిషినీ తలుపు దగ్గర ఆపి, పరీక్ష హాలు ముందు తండ్రిలా చెవిలో చెప్పేవాడు.

“లోపల ఎలా ఉందని అడుగుతుందండీ. బాగుంటే బాగుంది అనండి. బాలేకపోతే బాలేదు అనండి. మధ్యలోది మాత్రం అనొద్దు.”

“మధ్యలోదంటే?”

“అదేనండీ.”

“ఏదండీ?”

“మీకు తెలుసు కదా.”

“తెలీదండీ. పర్లేదు, చెప్పండి.”

“ఆ! అదే! ఆ మాటే!”

కొంతమందికి కారణం కూడా చెప్పాల్సొచ్చేది. కారణం తెలిశాక ఇంక వాళ్లు కళ్ల పరీక్షకి కాదు, పరామర్శకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లు. పిల్ల పోయిన తల్లి, ఎంతో శ్రద్ధగా అద్దం వేసి అడుగుతుంటే, బాలేదని మొహం మీద ఎవడంటాడు? మధ్యదారి మూసేసరికి అందరూ కట్టగట్టుకుని బాగుంది వైపే నడిచారు. మొదటి అద్దానికే బాగుంది. కుడికన్ను బాగుంది. ఎడమకన్ను బాగుంది. ఒకాయన ఇంకా అద్దం వెయ్యకముందే బాగుందన్నాడు.

ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చి, “ఇవాళ అందరికీ మొదటిసారికే కుదిరింది” అంది. కడుపునిండా తింది. ఆవిడ అలా తినడం చూసి ఎన్నాళ్లయిందో. అన్నయ్య నాకేసి చూశాడు. ఆ చూపులో ‘నోరు మూసుకో’ అనుంది. మూసుకున్నాను.

తర్వాత జోళ్లు తిరిగి రావడం మొదలైంది. బ్యాంకు గుమాస్తాకి అంకెలు రెండేసి కనబడుతున్నాయట. తన ఖాతాలో అయితే సంతోషించేవాడే గానీ, ఇంకొకళ్ల ఖాతాలో కదా. కుట్టుపని చేసే ఆవిడకి సూది బెజ్జం దొరకట్లేదట. అన్నయ్య వాళ్లని వీధిలోకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి, పక్కవీధి షాపులో పరీక్ష చేయించి, కొత్త అద్దాలు బిగించి ఇచ్చేవాడు. వదినకి తెలీకుండా.

ఇలా ఎంతకాలమో నడిచేదేమో. కానీ మాస్టారొచ్చారు.

మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు. జీవితమంతా తప్పులు దిద్దిన మనిషి, రిటైరయ్యాక షాపుల బోర్డులు దిద్దుకుంటూ తిరుగుతున్నాడు. ఆయన వచ్చేసరికి అన్నయ్య లోపల సాన యంత్రం దగ్గరున్నాడు. వదిన కౌంటర్లో నా పక్కన నిలబడి టీ తాగుతోంది.

“అమ్మా, ఈ జోడు పెట్టుకుంటే మా ఇంటి గుమ్మం లేచి మీదకొస్తోంది” అన్నాడు.

“గుమ్మం రావడమేంటి మాస్టారూ?”

“వస్తోందమ్మా. పొద్దున రోడ్డు మీద గుంటుందనుకుని ఎగిరి దూకాను. అక్కడ గుంట లేదు. స్కూలు పిల్లలు చప్పట్లు కొట్టారు.”

వదిన జోడు తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. “మరి ఆ రోజు బాగుందన్నారు కదండీ?”

“అనమన్నారు కదమ్మా మీవారు! బాగుంది, బాలేదు, రెండే అన్నారు. ఇదేమన్నా కోర్టా, మధ్యలో ఏమీ ఉండకపోడానికి? నాకు పర్లేదనిపించింది. ఆ మాట అనకూడదన్నారు. సరే, ఆడపిల్లవి, నొచ్చుకుంటావని...”

అక్కడికి ఆయనకీ తెలిసింది, ఆగాల్సిన చోటు దాటేశానని.

వదిన టీ గ్లాసు కింద పెట్టింది. “ఏవండీ” అని పిలిచింది, పెద్దగా కాదు. సాన యంత్రం ఆగింది. అన్నయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి మాస్టార్నీ, జోడునీ, వదిననీ వరసగా చూసి, మళ్లీ లోపలికెళ్లబోయాడు.

“ఆగండి. ఎంతమందికి చెప్పారిలా?”

“ఎంతమందంటే... వచ్చినవాళ్లకి.”

“అందరికీనా?”

“చిన్నపిల్లలకి చెప్పలేదు” అన్నాడు అన్నయ్య, కాస్త గౌరవం మిగుల్చుకుందామని.

“నా చెయ్యి కుదిరిందనుకున్నాను” అంది వదిన. “ఇంకేదీ లేకపోయినా ఇదొక్కటి మిగిలిందిలే అనుకున్నాను.”

మాస్టారు బెంచీ మీద కూర్చుని, పెట్టుకున్న పాత జోడు కూడా తీసి జేబులో పెట్టుకున్నాడు. చూడకుండా ఉండడానికి ఆయన దగ్గరున్న మర్యాద అదే.

“ఆ మాట నేను వినలేనని ఎవరు చెప్పారు మీకు?”

“అక్కయ్య” అన్నాం ఇద్దరం, ఒకేసారి, స్కూలు పిల్లల్లా.

“మీరు ఆపితే ఆగుతుందా అది? పొద్దస్తమానం నా చెవిలోనే ఉంది. ‘ఇప్పుడు పర్లేదమ్మా.’ ఆ గొంతుతోనే ఉంది. మీరు ఆపింది దాన్ని కాదు. మీరు దూదమ్మని ఆపేశారు. ఇంట్లో దాని ఊసెత్తి ఎన్నాళ్లయింది? నేను గదిలోకొస్తే అందరూ టీవీ సౌండ్ పెంచుతారు. అది ఒకటి ఉండేదని నాకొక్కదానికే గుర్తుందేమో, నాకే పిచ్చెక్కిందేమోననుకుంటున్నాను.”

అన్నయ్య చేతిలో తుడుచుకునే గుడ్డ అలాగే ఉంది. దాన్ని మడతపెట్టాడు. విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

“నువ్వు అడిగావు” అన్నాడు. “రెండుసార్లు అడిగావు. అది పర్లేదంటే నమ్మావు. నేను అడగను కూడా లేదు. ఇంట్లోనే ఉన్నాను. ఫోను చూసుకుంటున్నాను.” గుడ్డ మళ్లీ విప్పాడు. “నీకోసమని చెప్పాను గానీ, ఆ మాట వినలేంది నేనే.”

పెళ్లయిన ఇన్నేళ్లలో మా అన్నయ్య ఒక తప్పు ఒప్పుకోగా నేను వినడం అదే మొదలు. వదిన ఆయన చేతిలోంచి గుడ్డ తీసుకుంది. కళ్లు తుడుస్తుందనుకున్నాను. మాస్టారి జోడు తుడిచింది.

“రండి మాస్టారూ. మళ్లీ చూద్దాం.”

“ఇప్పుడొద్దులేమ్మా, ఇంకోరోజు...”

“రండి. గుంటల్లేని చోట మళ్లీ దూకుతారా?”

ఆయన గోడ పట్టుకుని లోపలికెళ్లాడు. తలుపు దగ్గరగా వేసుంది గానీ మూసుకోలేదు. మేమిద్దరం కౌంటర్ దగ్గరే నిలబడ్డాం. లోపల్నుంచి అద్దాల పెట్టె తెరిచిన చప్పుడు.

“ఎలా ఉంది?”

“బా...”

“నిజం చెప్పండి.”

“పర్లేదమ్మా” అన్నాడు మాస్టారు, తప్పు చేసి దొరికినవాడిలా.

అన్నయ్య నా భుజం పట్టుకున్నాడు. నొప్పి పుట్టింది. అద్దం తీసి ఇంకోటి వేసిన చప్పుడైంది.

“ఇది?”

“ఇదీ పర్లేదు.”

ఇంకో అద్దం. “ఇది?”

“ఆఁ. ఇదమ్మా. ఇది బాగుంది.”

“ఏం కనబడుతోంది?”

“నువ్వు ఏడుస్తున్నట్టు కనబడుతోంది.”

“అయితే నంబరు కరెక్టే” అంది వదిన.

అన్నయ్య ఇంక ఆగలేక లోపలికెళ్లాడు. ఒక్కణ్ణీ కౌంటర్లో ఏం చేస్తానని నేనూ వెళ్లాను. ఆ గదిలో ఇద్దరికే చోటుంటుంది. నలుగురం నిలబడితే గోడ మీది అక్షరాలు ఎవరో ఒకళ్ల వీపు మీద వెలుగుతున్నాయి. మాస్టారు పరీక్ష అద్దాలు వేసే ఆ బరువు ఫ్రేం మొహాన ఉండగానే మాట్లాడడం మొదలెట్టాడు.

“మీ పిల్ల నాకు పేపరు చదివి పెట్టేదమ్మా. పోయినసారి నా జోడు పగిలి, కొత్తది తయారయ్యేదాకా.”

అది మాకు తెలుసు. షాపు ముందు బెంచీ మీద ఇద్దరూ కూర్చునేవాళ్లు. మాస్టారు మాటిమాటికీ దిద్దుతుంటే మేం లోపల్నుంచి చూసి, మనమ్మాయికి హెడ్మాస్టరు పైసా తీసుకోకుండా ట్యూషన్ చెబుతున్నాడని మురిసిపోయేవాళ్లం.

“తప్పులు చదివేది” అన్నాడు. “నేను దిద్దేవాణ్ణి. ‘ఓహో, అలాగా మాస్టారూ’ అనేది. రోజూ కొన్ని తప్పులు. రిటైరయ్యాక నా మాట విన్నవాళ్లు లేరమ్మా, ఇంట్లో కూడా. ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపూ బళ్లో ఉన్నట్టుండేది. తర్వాతెప్పుడో తట్టింది నాకు. ఇంత చురుకైన పిల్లకి అన్ని తప్పులెలా వస్తాయి? కావాలని చదివేదమ్మా. నేను దిద్దుకుంటానని.”

అన్నయ్య గోడవైపు తిరిగాడు.

“ఏ తప్పులు మాస్టారూ?” అంది వదిన.

“ఏవో చిన్నచిన్నవి. ఒకటి మాత్రం రోజూ ఉండేది. పేపర్లో ఏదో ఒకచోట పరిస్థితి ఉద్రిక్తం అనుంటుంది కదా. దాన్ని పట్టుబట్టి ‘ఉద్రిత్కం’ అనేది. నేను రోజూ దిద్దేవాణ్ణి. మర్నాడు మళ్లీ అదే. ఎంత ఓపికో చూడు, నాకోసం...”

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని అన్నయ్య దగ్గరికెళ్లబోయాడు.

“అది కావాలని కాదు మాస్టారూ” అంది వదిన. నవ్వుతోంది. కళ్లమ్మట నీళ్లు కారుతూనే ఉన్నాయి, వాటి పని అవి చేసుకుపోతున్నాయి. “మిగతావి నాకు తెలీదు. ఆ ఒక్కటీ మాత్రం దానికి నిజంగానే రాదు.”

“రాదా?”

“చిన్నప్పట్నుంచీ అంతే. ‘రిక్తం’ అని విడిగా అనమంటే అంటుంది. ముందు ‘ఉద్’ పెడితే చాలు, తిరగబడుతుంది. ఒకసారి అద్దం ముందు నిలబెట్టి మరీ అనిపించాను. అద్దంలో కూడా అలాగే అంది.”

“నేను విన్నాను” అన్నాడు అన్నయ్య. “టీవీలో వార్తలొస్తుంటే అనేది.”

“మీరు నవ్వారు. అలిగింది.”

“అలిగిందా? అదీ?”

“ఒక పూట. మీకు తెలీకుండా అలిగింది. తర్వాత అడిగితే...” వదిన ఆగింది. “అడిగితే, నాన్నకి నవ్వొచ్చిందిగా, పర్లేదులే అంది.”

బయట ఎవరో వచ్చి కౌంటర్ మీద వేళ్లతో కొట్టారు. నేను కదల్లేదు. మాస్టారు ఆ బరువు ఫ్రేంలోంచి మమ్మల్ని ఒక్కొక్కళ్లనీ చూశాడు, ఇన్నాళ్లూ తను దిద్దింది ఒక పిల్ల నాలికనా అన్నట్టు.

“ఉద్రిత్కం” అన్నాడు మెల్లిగా. జీవితంలో తెలిసి ఒక మాట తప్పు పలకడం ఆయనకదే మొదలనుకుంటాను. నోరు తిరగడానికి కొంచెం కష్టపడ్డాడు.

“అది కాదు. ‘త్కం’ దగ్గర కొంచెం సాగదీసేది” అంది వదిన. “ఇంకోసారి అనండి.”

ఆయన గొంతు సవరించుకుని, మళ్లీ అన్నాడు.